ఉబుంటు వేశాక ముందు ఎస్‌ఎస్‌హెచ్ సంగతి చూడండి

అమీర్‌పేట హాస్టల్ వైఫైకి బోలెడు ల్యాప్‌టాప్‌లు తగులుకుని ఉంటాయి. కొత్తగా ఓఎస్ వేసిన మెషీన్‌ను దానికి కలిపే ముందే ఈ పని ముగించండి. ఎస్‌ఎస్‌హెచ్ అంటే నెట్‌వర్క్ మీదుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాంట్లోకి లాగిన్ అయ్యే దారి.

ఉబుంటు డెస్క్‌టాప్‌తో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ రాదు. సర్వర్ ఎడిషనైతే ఇన్‌స్టాల్‌లో అడుగుతుంది. ఇంకో లైనక్స్ ఓఎస్ అయిన ఫెడోరా సర్వర్ అడగను కూడా అడగదు, ఆన్‌లోనే ఉంటుంది.

టెర్మినల్‌లో ‘సుడో ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ’ కొట్టండి, అన్నీ చిన్నక్షరాలే. ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు పక్కన 0.0.0.0 ఉంటే నెట్‌వర్క్‌లో ఎవరైనా తట్టొచ్చు. 127.0.0.1 అయితే ఈ మెషీన్ వరకే, బెంగ లేదు.

అక్కర్లేదా, ఆపేయండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఉబుంటు 22.10 నుంచి పోర్టు దగ్గర కాచుకునేది ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్. లాగిన్ నడిపే సర్వీస్ ఒక్కటే ఆపితే తర్వాతి కనెక్షన్ రాగానే మళ్లీ లేస్తుంది. సర్వీసులను ఆపే, నడిపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో రెండింటినీ డిసేబుల్ చేయండి, ‘--నౌ’ మరవకుండా.

కావాలంటే, పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైల్‌తో లాగిన్ అయి చూశాకే పాస్‌వర్డ్ లాగిన్ తీసేయండి. అప్పటిదాకా పాత సెషన్ మూయొద్దు. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ లాగిన్‌కు ‘నో’ అని రాసినా పాస్‌వర్డ్ అడుగుతోందంటే, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డీ ఫోల్డర్‌లో మొదటి బూట్‌లో సెటప్ చేసే క్లౌడ్ ఇనిట్ ప్రోగ్రామ్ పెట్టిన 50 నంబరు ఫైల్ తెరవండి. మొదట చదివిన విలువే చెల్లుతుంది కనుక మీ ఫైల్ పేరు 10తో మొదలవ్వాలి. ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’, ఈసారి పెద్ద టీ, చివరికి ఏది అమలవుతుందో చూపిస్తుంది.