ఎమ్మెస్ బ్యాచ్ రీయూనియన్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అమెరికాలో కలిసి ఎమ్మెస్ చేసినవాళ్ల వాట్సాప్ గ్రూపులో "మామా, ఈసారైనా అందరం కలుద్దాంరా" అనే మెసేజ్ ఏటా ఒకసారి వస్తుంది. అందరూ థంబ్స్ అప్ కొడతారు, ఎవరో పోల్ పెడతారు, అక్కడితో సరి. కలవాలని లేక కాదు. స్కూలు బ్యాచ్ అయితే దసరాకో సంక్రాంతికో ఊళ్లో దొరుకుతుంది. ఈ బ్యాచ్‌లో ఒకరు డాలస్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద, ఒకరు టొరంటోలో పీఆర్ (శాశ్వత నివాసం) మీద ఉంటారు, ఇంకొకరు అమెరికన్ సిటిజన్ అయిపోయి ఉంటారు, ముగ్గురు హైదరాబాద్ వచ్చేసి ఉంటారు. ఎవరు దేశం దాటి మళ్లీ ఇబ్బంది లేకుండా వెనక్కి వెళ్లగలరన్నదే అసలు లెక్క. అందుకే పోల్ పక్కన పెట్టి పాస్‌పోర్టులతో మొదలుపెట్టండి.

1. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి

వీసా సంగతి గ్రూపులో అడగొద్దు. పదిమంది ముందు చెప్పుకోవడం చాలామందికి ఇష్టం ఉండదు. ఉద్యోగం పోయి, అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లో కొత్త కంపెనీ కోసం తిరుగుతున్నవాళ్లు అసలే చెప్పరు.

హెచ్-1బి వాళ్లని స్టాంపింగ్ (బయటికెళ్తే మళ్లీ అమెరికాలోకి రావడానికి పాస్‌పోర్టులో ఉండాల్సిన వీసా) ఎప్పటిదాకా ఉందో అడగండి. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేస్తున్నవాళ్లయితే అడ్వాన్స్ పరోల్ (దేశం దాటి తిరిగి రావడానికి అనుమతి) చేతికొచ్చిందా అని, సిటిజన్లయితే ఓసీఐ (వీసా లేకుండా ఇండియా రానిచ్చే కార్డు) ఉందా అని అడగాలి. ఇండియాలో ఉన్నవాళ్లు అమెరికా వెళ్లాలంటే బి1/బి2 (విజిటర్ వీసా) ఉండాలి. పాత పాస్‌పోర్టులో ఎఫ్-1 స్టాంపు కనిపిస్తోంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది చదువుకోవడానికి ఇచ్చిన వీసా, ఫ్రెండ్స్‌ని చూడ్డానికి పనికిరాదు.

స్టాంపింగ్ గడువు దాటినవాళ్లని "వచ్చేయ్, ఏం కాదు" అని బలవంతపెట్టకండి. 2025 డిసెంబరులో హెచ్-1బి, హెచ్-4 (వాళ్ల కుటుంబాలకిచ్చే వీసా) దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల తనిఖీ మొదలయ్యేసరికి ఇండియాలో ఇచ్చిన వీసా ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. సెలవుకని వచ్చినవాళ్లు ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ అన్నట్టు ఇరుక్కుపోయారు. మన రీయూనియన్ కోసం ఎవరికీ ఆ టెన్షన్ వద్దు.

2. ఊరు తేల్చండి

ఈ ఫోన్లన్నీ అయ్యేసరికి ఊరు దాదాపు తేలిపోతుంది. కదల్లేనివాళ్లు ఎక్కడ ఎక్కువమంది ఉంటే అక్కడే పెట్టాలి.

"మధ్యలో దుబాయ్‌లో కలుద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ స్టాంపింగ్ లేనివాళ్లకి దుబాయ్ అయినా హైదరాబాద్ అయినా ఒకటే, తిరిగి వెళ్లాలంటే వీసా కావాల్సిందే. పైగా 2025 సెప్టెంబరు నుంచి అమెరికా వీసాకి సొంత దేశంలో గానీ నివాసముంటున్న దేశంలో గానీ దరఖాస్తు చేసుకోమంటున్నారు కాబట్టి దారిలో దుబాయ్‌లో స్టాంపింగ్ చేయించుకోవచ్చన్న ఆశ కూడా లేదు.

అమెరికాలో పెడితే మెమోరియల్ డే, లేబర్ డే లాంగ్ వీకెండ్లు చూడండి. థ్యాంక్స్‌గివింగ్‌కి టికెట్లు మండిపోతాయి. మిస్సోరీలో మేరీవిల్‌లోనో వారెన్స్‌బర్గ్‌లోనో చదువుకున్నవాళ్లకి మళ్లీ ఆ ఊరే వెళ్లాలనిపిస్తుంది. వెళ్లండి, అయితే ఒక పూటకే. క్యాంపస్, వాల్‌మార్ట్, నలుగురు సర్దుకుని ఉన్న అపార్ట్‌మెంట్ చూసేస్తే ఇక అక్కడ చేసేదేమీ ఉండదు. దగ్గర్లోని కాన్సాస్ సిటీలో పెద్ద ఇల్లు ఒకటి అద్దెకి తీసుకుని, అక్కడినుంచి కార్లలో వెళ్లి రావడం మేలు.

హైదరాబాద్‌లో అయితే నా ఓటు డిసెంబరు 26 నుంచి 29 వరకు. అమెరికాలో పిల్లలకి అప్పుడు బడి సెలవులు. ఇక్కడ 16వ తేదీ ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది కాబట్టి పెళ్లిళ్లు ఉండవు, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లు దొరకడం కాస్త తేలిక. 31 దాకా మాత్రం సాగనివ్వకండి, ఆ రాత్రి రేట్లు వేరే. జనవరి రెండో వారం వచ్చిందంటే కోస్తావాళ్లు సంక్రాంతికి ఊళ్లకి బయల్దేరిపోతారు.

3. తేదీ ప్రకటించండి

రావడం కష్టమైన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి తేదీ ఖాయం చేసి, గ్రూపులో చెప్పేయండి. అందరికీ కుదిరే తేదీ అంటూ ఉండదు. కనీసం ఏడెనిమిది నెలల ముందు చెబితే లీవులు, టికెట్లు వాళ్లే చూసుకుంటారు. భార్యలు, భర్తలు, పిల్లలు రావచ్చా అన్నది కూడా ఆ మెసేజ్‌లోనే స్పష్టంగా ఉండాలి. మొదటి సాయంత్రం బ్యాచ్ ఒక్కటే, మర్నాడు కుటుంబాలతో అంటే అందరికీ బాగుంటుంది. మన పాత జోకులకి వాళ్లు రెండు రోజులు నవ్వలేరు, పాపం.

4. డబ్బు సంగతి ముందే మాట్లాడండి

రీయూనియన్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. డాలర్లలో సంపాదించేవాళ్లకి రిసార్టు చవగ్గా కనిపిస్తుంది. అదే బిల్లు ఇక్కడ ఈఎంఐలు కట్టుకునేవాళ్లకి బరువు. "నాకు ఎక్కువైంది" అని ఎవరూ నోరు విప్పరు, చివరి వారంలో "ఆఫీసులో పని పడింది" అంటారు. అందుకే అందరిలోకీ తక్కువ ఖర్చు పెట్టగలవాళ్లని మనసులో పెట్టుకుని చోటు ఎంచుకోండి. బస, భోజనం అందరూ సమానంగా వేసుకోవాలి. మందు ఖర్చు తాగేవాళ్లదే, దాన్ని కలిపితే ఒప్పుకోకండి. అడ్వాన్స్ ముందే వసూలు చేయండి. డబ్బు కట్టినవాళ్లే వస్తారు. అమెరికాలో ఒకరు జెల్ (Zelle, అక్కడ డబ్బు పంపుకునే పద్ధతి) తో, ఇక్కడ ఒకరు యూపీఐతో తీసుకుని స్ప్లిట్‌వైజ్ (ఖర్చుల లెక్క పంచే యాప్) లో రాస్తూ పోతే చాలు.

5. కార్యక్రమం తక్కువ, కబుర్లు ఎక్కువ

ఆటలు, టీషర్టులు, స్టేజీ ఏవీ అక్కర్లేదు. పాత ఫోటోలు ఒక ఫోల్డర్‌లో వేయించి టీవీకి పెట్టండి. ఒక పూట వంట మీరే చేసుకోండి. అప్పట్లో అంట్లు తోమకుండా తప్పించుకున్నవాళ్లని ఈసారి వదలొద్దు.

గ్రీన్ కార్డు వచ్చిందా, ఇండియా ఎందుకు వచ్చేశావు, జీతం ఎంత, పెళ్లి ఎందుకు చేసుకోలేదు లాంటి ప్రశ్నలు తమాషాకి మొదలై ఎవరినో ఒకరిని గుచ్చుతాయి. "ఇవి అడగొద్దు" అని రూల్ పెడితే ఇంకా ఇబ్బంది. అలాంటి ప్రశ్న అడిగే అలవాటున్న మిత్రుడు ఎవరో మీకు తెలుసు కదా, ముందే ఒక ఫోన్ కొట్టి చెప్పండి.

రాలేనివాళ్లకి వీడియో కాల్ అర్ధరాత్రి, అందరూ అలిసిపోయాక చేయొద్దు. హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర అంటే డిసెంబరులో డాలస్‌లో ఉదయం తొమ్మిది, కాలిఫోర్నియాలో ఏడు, లండన్‌లో మధ్యాహ్నం మూడు. భోజనాలకి ముందు ఆ సమయానికి ల్యాప్‌టాప్ పెట్టి, ఎవరెవరు ఎప్పుడు కలుస్తారో ముందురోజే మెసేజ్ పెట్టండి. సిడ్నీలో ఉన్నవాళ్లకి మాత్రం అది తెల్లవారుజామున రెండు గంటలు, వాళ్లకి హైదరాబాద్ టైము సాయంత్రం నాలుగింటికే వేరే కాల్ చేయాలి.