విదేశీ పామును పెంచాలంటే: నమోదు, గుడ్లు, హైబ్రిడ్ల లెక్క

ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ బాల్ పైథాన్‌నో, బోవానో ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే ముందు దాని శాస్త్రీయ నామం రాయించుకోండి. బిల్లులో ఉత్త ‘పైథాన్’ అని ఉంటే పనికిరాదు. చట్టం చూసేది జాతిని, రంగును కాదు.

నాగుపాము, జెర్రిపోతు, రెండుతలల పాము, మన కొండచిలువ వంటివాటి ఊసే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టి పెంచడం నేరం. ఎక్కువమంది పొరబడేది బర్మీస్ పైథాన్ దగ్గర. పేరులో బర్మా ఉన్నా, అది మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉండే పామే. రెటిక్యులేటెడ్ పైథాన్ నికోబార్ దీవుల్లో ఉంది. రెండూ షెడ్యూల్ 1 జాతులు, అంటే చట్టంలో గట్టి రక్షణ ఉన్న జాబితాలోవి. ఆ షెడ్యూల్ నేరాలకు 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

నిజమైన విదేశీ పాములకు షెడ్యూల్ 4 వర్తిస్తుంది. 2022 సవరణతో వచ్చిన ఈ షెడ్యూల్ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అనుబంధాల్లోని (జాబితాల్లోని) జాతులు ఇందులో ఉంటాయి. బాల్ పైథాన్ రెండో అనుబంధంలోది కనుక నమోదు తప్పదు. కార్న్ స్నేక్ ఆ జాబితాల్లో లేదు కాబట్టి ఈ నమోదు అక్కర్లేదు. అయినా దిగుమతి నిబంధనలు దానికీ ఉన్నాయి, బిల్లు పారేయకండి.

2024 ఫిబ్రవరి 28 నాటి నిబంధనల ప్రకారం, పాము చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేశ్ 2.0 పోర్టల్లో దరఖాస్తు చేయాలి. అంతకుముందే పెంచుతున్నవారికి ఇచ్చిన ఆరు నెలల గడువు ముగిసిపోయింది. దరఖాస్తుకు ముందే అమ్మినవారి నమోదు కాగితం, చేతులు మారిన తేదీతో బిల్లు సిద్ధం చేసుకోండి. తల పైభాగం, రెండు పక్కలు విడివిడిగా ఫొటోలు తీయండి. బాల్ పైథాన్ మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, రేపు తనిఖీలో పామును గుర్తుపట్టించేది అవే. ఒక్క ఫొటోతో సరిపెడితే ఇక్కడే ఇబ్బంది పడతారు.

పిల్లలు తీయించాలనుకుంటే మొదటి అనుబంధం జాతులకు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లైసెన్సు ముందే కావాలి. రెండో అనుబంధం వాటికైతే తల్లి నమోదై ఉండాలి, పిల్లలు పుట్టిన సంగతి తెలపాలి. బాల్ పైథాన్ సాధారణంగా 4 నుంచి 8 గుడ్లు పెడుతుంది, 31-32 డిగ్రీల దగ్గర సుమారు 55-60 రోజుల్లో పొదుగుతాయి. పెట్టిన తేదీ, చెడిన గుడ్లు, పిల్లలైనవి రోజువారీగా రాసిపెట్టుకుంటే లెక్క తేడా రాదు. ఎనిమిది గుడ్లకు ఐదు పిల్లలే చూపిస్తే మిగతా మూడు ఏమయ్యాయో చెప్పగలగాలి కదా. పిల్లను ఇంకొకరికి ఇస్తే ఆ బదిలీ కూడా తెలపాలి.

అసలు గందరగోళం హైబ్రిడ్ల దగ్గర. తెల్లగా ఉన్నా, పైబాల్డ్ (అక్కడక్కడా తెల్ల పట్టీలున్నది) అయినా బాల్ పైథాన్ బాల్ పైథానే. అది రంగు రకం, హైబ్రిడ్ కాదు. రెండు జాతులను కలిపితేనే హైబ్రిడ్. సైటిస్ తీర్మానం ప్రకారం గత నాలుగు తరాల్లో ఒక్కటైనా జాబితా జాతి ఉంటే ఆ హైబ్రిడ్‌నూ జాబితా జాతిగానే చూస్తారు, రెండిట్లో కఠినమైన నియమమే వర్తిస్తుంది. కార్పెట్ పైథాన్‌తో బాల్ పైథాన్‌ను కలిపితే రెండూ రెండో అనుబంధంవే, లెక్క సులువు. అదే బాల్‌కు బర్మీస్‌ను కలిపితే ఒక పక్క షెడ్యూల్ 1 జాతి వచ్చి చేరుతుంది. అలాంటి పిల్లను ‘బాల్ పైథాన్’ అని నమోదు చేయడం తప్పుడు వివరాలివ్వడమే. నాలుగు తరాల కాగితాలు చూపలేని హైబ్రిడ్‌ను ఎంత చవగ్గా ఇచ్చినా కొనవద్దు. కంటిచూపుతో తేల్చలేరు కూడా: 2018లో ఫ్లోరిడాలో సుమారు 400 బర్మీస్ పైథాన్ల జన్యువులు పరీక్షిస్తే 13 పాముల్లో మన కొండచిలువ ఆనవాళ్లు బయటపడ్డాయి.

పెంచలేకపోతే పొలంలోనో చెరువు గట్టునో వదిలేయకండి, ముందు అటవీశాఖకు చెప్పండి. చనిపోయినా ఆ సమాచారం పోర్టల్లో నమోదు కావాల్సిందే.