ఆడగుర్రానికి మూత్రం ఇన్ఫెక్షన్: నేను చూసే గుర్తులు

మూత్రం మసకగా, జిగటగా ఉంటే నేను కంగారుపడను. గుర్రాల మూత్రంలో కాల్షియం కార్బొనేట్, జిగురు ఉంటాయి, అది మామూలే. నేను గమనించేది పోసే తీరు. మాటిమాటికీ కాళ్లు చాపి, ముక్కుతూ నాలుగు చుక్కలే పోస్తోందా? అయిపోయాక కూడా అలాగే నిలబడుతోందా? తొడల లోపలివైపు తడికి చర్మం ఒరిసిందా? ధారలో రక్తం ఉందా?

ఎదలో ఉన్నప్పుడూ తోకెత్తి కొద్దికొద్దిగా పోస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. అది మామూలుగా 5–7 రోజుల్లో తగ్గుతుంది, ముక్కడం ఉండదు.

జ్వరం లేదని ధీమా వద్దు. ఇన్ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉంటే జ్వరం రాకపోవచ్చు. 38.5 డిగ్రీల సెల్సియస్ దాటి, మేత మానేస్తే కిడ్నీల దాకా పాకిందేమో, ఆగకండి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శుభ్రమైన డబ్బాలో ధార మధ్యలో వచ్చే మూత్రం పట్టి పశువైద్యుడికివ్వండి. మూత్రాశయంలో రాయి ఉందేమో కూడా చూడమనండి.