నీళ్ల గది చూడండి, గంటలు లెక్కపెట్టండి: డయాలిసిస్ కేంద్రాన్ని ఎంచుకోవడం ఎలా

నేను 31 ఏళ్లు రాజమహేంద్రవరంలో మంచినీటి శుద్ధి కేంద్రంలో పనిచేశాను. గోదావరి నీటిలో పటిక ఎంత వేయాలి, క్లోరిన్ ఎంత కలపాలి అన్నది రోజూ చూసుకోవడమే నా పని. 2021లో నా భార్యకు డయాలిసిస్ మొదలైనప్పుడు, ఆ పనిలో నేర్చుకున్నది ఆమె కోసం మళ్లీ అక్కరకొస్తుందని ఊహించలేదు. ఇప్పుడు బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఎవరికి కిడ్నీలు పాడైనా, "మీరు వెళ్లే చోటు బాగుంటుందా అండీ?" అని నాకు ఫోను చేస్తున్నారు. బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలో ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

మొదట్లో మేమూ అందరిలాగే చూశాం. హాలు చల్లగా ఉంది, ప్రతి మంచం దగ్గరా టీవీ ఉంది, ఇంటికి పది నిమిషాల దూరం. చాలనుకున్నాం. నాలుగు గంటలు కదలకుండా పడుకునే మనిషికి ఆ సౌకర్యాలు అవసరమే, కాదనను. కానీ రోగి ప్రాణానికి సంబంధించిన అసలు పని ఆ హాల్లో కనబడదు. అది హాలు వెనక నీళ్ల గదిలో జరుగుతుంది.

డయాలిసిస్ యంత్రంలో రక్తాన్ని శుభ్రం చేసే ద్రవం నిమిషానికి సుమారు అర లీటరు ప్రవహిస్తుంది. అందులో దాదాపు అంతా నీరే. నాలుగు గంటలకు 120 లీటర్లు. వారానికి మూడుసార్లయితే 360 లీటర్లు. మనం తాగే నీటిని పేగులు వడకట్టి ఒంటికి అందిస్తాయి. డయాలిసిస్‌లో మాత్రం ఆ ద్రవానికీ రోగి రక్తానికీ మధ్య సన్నని పొర ఒక్కటే అడ్డు. నీటిలో ఉండకూడనిది ఏదైనా ఉంటే తిన్నగా రక్తంలోకి చేరుతుంది. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలిసిస్ కేంద్రానికి సరిగా శుద్ధి చేయని జలాశయం నీరు వచ్చింది. అందులోని నాచు విషం వల్ల 50 మందికి పైగా రోగులు చనిపోయారు.

మా ఉద్యోగంలో కుళాయి చివర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని పట్టుబట్టేవాళ్లం. లేకపోతే కలరా, కామెర్లు వస్తాయి. డయాలిసిస్ నీటిలో అదే క్లోరిన్ 0.1 దాటకూడదు. దాటితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఊరంతటినీ కాపాడటానికి మేము కలిపిన మందే ఆ మంచం మీద మనిషికి విషం. దాన్ని తొలగించడానికి నీళ్ల గదిలో బొగ్గు ట్యాంకులు ఉంటాయి. ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఉండాలి. మొదటి ట్యాంకు దాటిన నీటిని ప్రతి షిఫ్టుకు ముందు పరీక్షించాలి. అక్కడ క్లోరిన్ కనిపించినా రెండోది కాపాడుతుంది, ఈలోగా మొదటిదాన్ని మార్చుకోవచ్చు. పరీక్ష చిన్నదే. సీసాలో నీళ్లు పట్టి, మందు వేసి, రంగు చూడటం. మా రోజుల్లో పసుపు రంగు వచ్చేది, ఇప్పుడు గులాబీ రంగు వచ్చే మందు ఎక్కువగా వాడుతున్నారు.

అందుకే ఏ కేంద్రానికి వెళ్లినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: "ఈ ఉదయం క్లోరిన్ ఎంత వచ్చింది?" మంచి చోట టెక్నీషియన్ వెంటనే అంకె చెబుతాడు, లేదా రిజిస్టరు తీసి చూపిస్తాడు. "అవన్నీ మేము చూసుకుంటాం, మీరు కంగారుపడకండి" అన్నాడంటే మీరు కంగారుపడవలసిందే.

మాకు అలాంటి అనుభవమే ఎదురైంది. 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఎర్రనీరు వచ్చిందంటే శుద్ధి కేంద్రంలో పటిక పెరుగుతుంది, క్లోరిన్ మోతాదూ పెరుగుతుంది. అది నాకు తెలిసిన విషయం కనుక, మేము అప్పట్లో వెళ్లే కేంద్రంలో నీళ్ల గది రిజిస్టరు చూపించమని అడిగాను. ఆ రోజు 16వ తేదీ. రిజిస్టరులో 31వ తేదీ వరకూ ప్రతి షిఫ్టుకూ ఒకే అంకె, ఒకే చేతిరాతతో నిండి ఉంది. ఇంకా రాని పదిహేను రోజుల నీటిని ఎవరో ముందే పరీక్షించేశారు. నేను గొడవ పడలేదు. ఇంటికి వచ్చి నా భార్యతో, "ఇక అక్కడికి వద్దు" అన్నాను. "ఆ పిల్లలు నన్ను బాగా చూసుకుంటారండీ" అంది. నిజమే, పిల్లలు మంచివాళ్లే. వాళ్లకు ఆ పరీక్ష ఎందుకో ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ తర్వాతి నెలలో మేము వేరే కేంద్రానికి మారిపోయాం.

బోరు నీరు, ట్యాంకరు నీరు వాడే కేంద్రాలు కూడా ఉన్నాయి. అక్కడ క్లోరిన్ కన్నా సున్నం, ఫ్లోరైడు, నైట్రేట్ల బాధ ఎక్కువ. కాబట్టి నీరు ఎక్కడిది అని కూడా అడగండి. ఆర్వో నుంచి వచ్చిన నీటిలో సూక్ష్మజీవుల పరీక్ష నెలనెలా చేయించి ప్రయోగశాల నివేదికను భద్రపరచాలి. ఆ నివేదికలో సూక్ష్మజీవుల లెక్క మిల్లీలీటరుకు 100 లోపు ఉండాలి. నిల్వ ట్యాంకు ఉంటే దానికి బిగువైన మూత ఉందా చూడండి. ఎండ తగిలే చోట, మూత సగం తెరుచుకుని ఉన్న ట్యాంకు నాకు ఒకచోట కనిపించింది. మెట్లు దిగి తిరిగి వచ్చేశాను.

నీళ్ల గదిలోకి రానివ్వకపోతే బయట వేచి ఉండే రోగులను అడగవచ్చు: "యంత్రం మీద ఉండగా చలి, వణుకు వచ్చిందా?" మెడ దగ్గర క్యాథెటర్ (డయాలిసిస్ కోసం రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్న ఒక్కరికి వణుకు వస్తే అది ఆ గొట్టం నుంచి వచ్చిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఒకే రోజు ముగ్గురు నలుగురికి వచ్చిందంటే నీటిని అనుమానించాలి.

ఇక గంటల సంగతి. నాలుగు గంటలంటే నాలుగు గంటలే. తర్వాతి షిఫ్టువాళ్లు బయట ఎదురుచూస్తుంటారు, టెక్నీషియన్‌కు తొందర, రోగికి నడుము నొప్పి. మూడున్నరకే సూదులు తీసేస్తే ముగ్గురికీ హాయిగానే ఉంటుంది. నా భార్య కూడా ఎన్నోసార్లు, "ఈ పూటకు చాలు, తీయించండి" అని నన్ను బతిమాలింది. ఆమె అడిగినా ఒప్పుకోని చోటే మంచి చోటు. ఇప్పటి కేంద్రంలో ఒక అమ్మాయి ఉంది. "అమ్మగారూ, ఇంకో ఇరవై నిమిషాలే. మీ మనవడి కబుర్లు చెప్పండి" అంటూ పక్కన కూర్చుంటుంది. ఆ ఇరవై నిమిషాలు వారానికి మూడుసార్లు పోతే వారానికి ఒక గంట వైద్యం పోయినట్టే. మీరు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. యంత్రం మొదలైన సమయం, ఆపిన సమయం, ముందు బరువు, తర్వాత బరువు, బీపీ రాయండి. నా దగ్గర అలాంటివి నాలుగు పుస్తకాలు నిండాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అవే అడుగుతారు.

గంటలు పూర్తయినా రక్తం నిజంగా శుభ్రపడిందా అన్నది యూరియా లెక్కతో తెలుస్తుంది. నెలకొకసారి డయాలిసిస్‌కు ముందు, అయ్యాక యూరియా చూస్తారు. ముందు 140, తర్వాత 45 వచ్చాయనుకోండి. 95 తగ్గింది. 95ను 140తో భాగించి 100తో గుణిస్తే దాదాపు 68 శాతం. 65 కన్నా తగ్గకూడదు. వరసగా రెండు నెలలు తగ్గితే కారణం అడగండి. సమయం తగ్గిందా, రక్తప్రవాహం తక్కువగా పెట్టారా, ఫిస్టులా (సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రక్తనాళాలను ఆపరేషన్‌తో కలిపి చేసే దారి) సన్నబడిందా? డయాలిసిస్ అయ్యాక తీసే రక్త నమూనాను పంపు వేగం తగ్గించి తీయాలి. హడావుడిగా తీస్తే అప్పుడే శుభ్రపడిన రక్తం కలిసి అంకె అబద్ధం చెబుతుంది. ఈ లెక్క ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలు కూడా చేయగలరు. చేసి పెట్టమనండి.

నీరు తీయడం దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. రెండు డయాలిసిస్‌ల మధ్య ఒంట్లో చేరిన నీటిని నాలుగు గంటల్లో లాగేస్తారు. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటితే గుండె మీద భారం పడుతుంది. నా భార్య బరువు 52 కిలోలు. ఆమెకు గంటకు సుమారు 676, మొత్తం మీద 2.7 లీటర్లు. ఒక పెళ్లికి వెళ్లి వచ్చి మూడున్నర కిలోలు పెరిగిందోసారి. పాత చోటయితే అంతా ఒకేసారి లాగేసేవాళ్లు, కాళ్లు పట్టేసి, బీపీ పడిపోయి, ఆ రోజంతా ఆమె మంచం దిగలేకపోయేది. కొత్త చోట మాత్రం డాక్టరుకు ఫోను చేసి, ఒక గంట ఎక్కువ ఉంచి, మిగిలింది మర్నాటికి పెట్టారు. ఎవరికైనా బీపీ పడిపోతే మంచం తల కిందికి దించి సెలైన్ ఇవ్వడంతో సరిపెడుతున్నారా, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) సరిగా ఉందా అని మళ్లీ చూస్తున్నారా అన్నది గమనించండి. రోగి కాస్త ఒళ్లు చేసినా, చిక్కినా ఆ అంకె మారాలి. ఏడాదిగా కాగితం మీద ఒకే డ్రై వెయిట్ ఉందంటే ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం.

చేరేముందు చూడటానికి వెళ్తే షిఫ్టు మారే సమయంలో వెళ్లండి. మధ్యాహ్నం తీరిక వేళ వెళ్తే అన్ని చోట్లా అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఒక రోగి దిగి ఇంకొకరు ఎక్కేలోపు ఏం జరుగుతుందో చూడాలి. యంత్రాన్ని క్రిమిరహితం చేసే దశ పూర్తిగా నడిచిందా? మంచం, యంత్రం బొత్తాలు తుడిచారా, దుప్పటి మార్చారా? ఒక రోగిని వదిలి ఇంకో రోగిని ముట్టుకునేముందు చేతి తొడుగులు మార్చారా? రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు సీసాను మంచాల మధ్య తిప్పుతున్నారా, వేరే బల్ల మీద సిరంజిలోకి తీసుకుని ఒక్క సిరంజినే తెస్తున్నారా? సీసా మంచం దగ్గరికి వచ్చిందంటే ఒకరి రక్తం ఇంకొకరికి అంటుకునే దారి తెరిచినట్టే. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు వేరే గది, వేరే యంత్రం తప్పనిసరి. మీకు ఆ టీకా వేశారా, వేశాక రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూశారా అని మొదటి నెలలోనే అడగండి. డయాలిసిస్ రోగులకు మామూలు మోతాదు చాలదు, రెట్టింపు మోతాదు ఇస్తారు.

రక్తాన్ని శుభ్రం చేసే ఫిల్టరును కడిగి అదే రోగికి మళ్లీ వాడే పద్ధతి చాలాచోట్ల ఉంది. జాగ్రత్తగా చేస్తే అది తప్పు కాదు. ఫిల్టరు మీద రోగి పేరు, ఎన్నోసారి అన్నది రాసి ఉండాలి, ఎక్కించేముందు మీకు చూపించాలి. దాని లోపలి పరిమాణం మొదటి రోజు కొలతలో 80 శాతం కన్నా తగ్గితే పారేయాలి. లోపల నిల్వ ఉంచిన క్రిములను చంపే మందు పూర్తిగా పోయిందని కాగితపు పట్టీతో పరీక్షించాకే తగిలించాలి. నా భార్య ఇప్పటికీ ప్రతిసారీ కళ్లజోడు పెట్టుకుని పేరు చదువుకుంటుంది. ఇద్దరు లక్ష్ములు ఒకే షిఫ్టులో ఉంటే ఆ చదవడం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

చేతిలో ఫిస్టులా ఉంటే దాని మీద వేలు పెట్టినప్పుడు సన్నగా ఝుమ్మనే కదలిక తెలియాలి. సూదులు గుచ్చేముందు టెక్నీషియన్ ఆ కదలికను చూస్తున్నాడా? రోజూ ఒకే చోట గుచ్చితే నరం అక్కడ ఉబ్బిపోతుంది, చోటు మారుస్తూ పోవాలి. క్యాథెటర్‌తోనే నెలలు గడిచిపోతుంటే, ఫిస్టులా ఎప్పుడు చేయిస్తారని మీరే వెంటపడండి.

కరెంటు పోతే ఏం చేస్తారని అడగండి. రక్తాన్ని చేత్తో తిప్పి ఒంట్లోకి తిరిగి పంపడం ప్రతి టెక్నీషియన్‌కూ రావాలి. ఆక్సిజన్, గుండెకు షాక్ ఇచ్చే పరికరం చేతికందే దూరంలో ఉండాలి.

మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ప్రతి డయాలిసిస్ కేంద్రానికీ నక్షత్రాలు ఇచ్చి ఇంటర్నెట్‌లో పెడుతుందని చెప్పాడు. ఇక్కడ మన కళ్లూ మన ప్రశ్నలే ఆధారం. ప్రభుత్వ పథకం కింద ఉచితంగా చేయించుకుంటున్నవాళ్లు అడగడానికి సంకోచిస్తారు. సంకోచం వద్దు. నీరు, గంటలు, శుభ్రత డబ్బు కట్టినవారికొకటి, కట్టనివారికొకటి ఉండవు. ఇంకొకటి: మూడు నెలలు గడిచినా కిడ్నీ మార్పిడి గురించి, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి, ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలిసిస్ గురించి ఎవరూ మాటెత్తకపోతే, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గర మీరే ఎత్తండి. యాభై ఏళ్ల లోపు వాళ్లయితే మొదటి నెలలోనే అడగాలని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు మేము మంగళ, గురు, శనివారాల్లో మొదటి షిఫ్టుకు వెళ్తున్నాం. ఉదయం ఐదున్నరకు బయలుదేరేటప్పుడు వంతెన మీద నుంచి నీటి రంగు చూస్తాను. వానాకాలంలో ఎర్రనీరు దిగిందంటే శుద్ధి కేంద్రంలోని పాత సహచరులకు ఫోను చేసి క్లోరిన్ పెంచారా అని కనుక్కుని, ఆ మాట నీళ్ల గది చూసే కుర్రాడికి చెబుతాను. ఆ రోజు అతను పరీక్ష రెండుసార్లు చేస్తాడు. రెండో సీసా నా చేతికిచ్చి, "చూడండి బాబాయ్ గారూ, రంగు రాలేదు" అంటాడు. అప్పుడు లోపలికి వెళ్లి ఆమెతో, ఇక సూదులు పెట్టించుకోమని చెబుతాను.