పదార్థ స్థితులను పిల్లల చేత చేయించి చూపడం ఎలా?

ఘనం, ద్రవం, వాయువు అని గడగడా అప్పజెప్పే మూడో తరగతి పిల్లను, చలికాలంలో డబ్బాలో పేరుకున్న కొబ్బరినూనె ఈ మూడింటిలో ఏదని అడగండి. ఠక్కున చెప్పలేదు. అందుకే నూనెతోనే మొదలుపెడదాం. ప్రతి ప్రయోగానికీ ముందు ఏమవుతుందో పిల్లల్నే ఊహించి చెప్పమనండి.

కొబ్బరినూనె, ఐసు

చిన్న గిన్నెలో కొంచెం కొబ్బరినూనె పోసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. గాజు గ్లాసులో కరిగిన నూనె, ఇంకో గ్లాసులో నీళ్లు సిద్ధం చేసుకోండి. పేరుకున్న నూనెను చెంచాతో తీసి నూనెలో, ఐసుముక్కను నీళ్లలో వేయించండి. నూనెముద్ద మునుగుతుంది, ఐసు తేలుతుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి ఎండాకాలంలో చకచకా చేయాలి. చాలా పదార్థాలు గడ్డకడితే కుదించుకుపోతాయి, నీళ్లు మాత్రం దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్‌లో పెట్టిన నిండు ప్లాస్టిక్ బాటిల్ ఉబ్బేది ఇందుకే. గాజు సీసాతో మాత్రం ఇది చేయకండి, పగిలిపోతుంది.

గ్లాసుకు చెమట

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చల్లటి గ్లాసు బయట నీటిబొట్లు చూసి "గ్లాసు కారుతోంది" అనే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. తప్పని చెప్పేయకండి, వాళ్లనే తేల్చుకోనివ్వండి.

1. ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసుల్లో సగం వరకు నీళ్లు పోసి, ఎర్రగా అయ్యేలా బీట్‌రూట్ రసం కలపండి.
2. గ్లాసుల బయట పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి.
3. ఒకదాంట్లోనే నాలుగైదు ఐసుముక్కలు వేయండి.
4. పది నిమిషాలాగి, బయటి తడిని తెల్ల కాగితంతో అద్దమనండి.

కాగితం తడుస్తుంది కానీ ఎర్రబడదు. లోపలి నీళ్లే కారి ఉంటే రంగు అంటాలి కదా! మరి ఆ నీళ్లు ఎక్కడివి? గాలిలో కంటికి కనపడని ఆవిరి చల్లటి గ్లాసుకు తగిలి బొట్లుగా మారింది. ఐసు వేయని గ్లాసు పొడిగానే ఉంటుంది. ఈ రెండో గ్లాసు లేకుండా చేస్తే బొట్లకు కారణం చల్లదనమేనని ఎలా నమ్ముతారు? వానాకాలంలో బొట్లు త్వరగా పడతాయి. పొడి ఎండల్లో ఇంకాసేపు ఆగాలి.

గాలిని నొక్కడం

సూదిలేని కొత్త 10 మిల్లీలీటర్ల సిరంజిలోకి గాలి లాగి, మూతిని వేలితో మూసి నొక్కమనండి. లోపలికి పోతుంది, వదిలేస్తే వెనక్కి తంతుంది. ఇప్పుడు బుడగ లేకుండా నీళ్లు నింపి నొక్కమనండి, కదలదు. గాలి కణాల మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది, నీటి కణాలు దగ్గర దగ్గరగా ఉంటాయి.

పంచదార ధారగా పడుతుంది కాబట్టి అది ద్రవమే అని ఎవరో ఒకరు వాదిస్తారు. భూతద్దం చేతికివ్వండి, ప్రతి పలుకూ తన ఆకారంలోనే కనిపిస్తుంది.

కర్పూరం

హారతి కర్పూరం బిళ్లను కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీయించి, ఎత్తయిన అలమరలో ఉంచండి. మింగితే విషం, కాబట్టి పెద్దవాళ్లే పెట్టాలి, తీయాలి. నిప్పు దగ్గరకు రానివ్వకండి. రోజూ చూపిస్తే గీత అలాగే ఉంటుంది, బిళ్ల మాత్రం లోపలికి తరిగిపోతూ ఉంటుంది. కాగితం మీద తడి మరక ఉందేమో వెతకమనండి. ఉండదు. అలమర తలుపు తీయగానే వాసన మాత్రం గుప్పుమంటుంది.