మట్టిపాముల్ని గుర్తుపట్టడం – 3వ పాఠం: ముందు తోక చూడండి

పోయిన పాఠంలో వానపాముకీ పాముకీ తేడా చూశాం కదా, ఒళ్లంతా అడ్డంగా ఉంగరాలుంటే వానపాము, నున్నటి పొలుసులుండి నాలిక బయటపెడితే పాము, ఇది ఇంకా రానివాళ్లు దాన్నే మళ్లీ చదవండి, తొందరేం లేదు.

ఈసారి తోక. మట్టిలో బతికేవాటికి తలా తోకా ఒకేలా కనిపిస్తాయి, అందుకే జనం తల వెతుక్కుంటూ కంగారుపడిపోతారు. మీరు తోక పట్టించుకోండి. పట్టించుకోమన్నా అంతే, చేత్తో పట్టుకోమనలేదు!

మన పర్లాకిమిడి, గుణుపురం వైపు వానలు పడగానే బాత్రూమ్ తూముల్లోంచి, పూలకుండీల కిందనుంచి నల్లగా సన్నగా జానెడు కూడా లేనిది ఒకటి వస్తుంది, చూసినవాళ్లు చెప్పుతో కొట్టేస్తారు, నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది. అది గుడ్డిపాము. చీమల గుడ్లు, చెదపురుగులు తింటుంది, దీనికి విషం లేదు. తోక మొద్దుగా ఉండి చివర చిన్న ముల్లు ఉంటుంది, అది కుట్టడానికి కాదు, మట్టిలో ఊతానికి. వీటిలో అన్నీ ఆడవే, మగ లేకుండానే గుడ్లు పెడతాయి, కాబట్టి కుండీ మట్టిలో ఒక్కటి వెళ్లినా చాలు, అలాగే ప్రపంచమంతా పాకేశాయి. విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ కాలపు పాముల శాస్త్రవేత్త బొమ్మ వేయించిన పాముని బట్టే 1803లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు, అంటే మన పక్కూరిదే.

రెండోది షీల్డ్‌టెయిల్, అంటే డాలు లాంటి తోక ఉన్న పాము. ఇవి దక్షిణ భారతంలో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేవు, 50కి పైగా జాతులు, ఎక్కువ పడమటి కనుమల తడి అడవుల్లోనే, మున్నార్ వైపో వయనాడ్ వైపో వెళ్లినవాళ్లు చూడొచ్చు. చాలా జాతుల్లో తోక ఏటవాలుగా కోసిన ములక్కాడలా ఉంటుంది, పైన గరుకు పొలుసులు, దానికి మట్టి అంటుకుని వెనకాల సొరంగానికి బిరడా పడిపోతుంది. తల మొనదేలి ఉంటుంది. నాకు బాగా నచ్చేది తవ్వే పద్ధతి: చర్మం లోపలే వెన్నెముక వంకర్లు తిరుగుతుంది, దాంతో ఒళ్లు లావెక్కి గోడలకి బిగుసుకుంటుంది, అప్పుడు తల ముందుకి పొడుస్తుంది, ఆ బలమంతా ముందు భాగం కండల్లోనే, వెనక భాగం ఊరికే ఈడ్చుకొస్తుంది. 1978లో కార్ల్ గాన్స్ అనే జంతుశాస్త్రవేత్త బృందం ఈ కండల తేడా చూపించింది. తిండి ఎక్కువగా వానపాములు, గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి.

మూడోది జాగ్రత్త. లేత గోధుమరంగు ఒళ్లు, నల్ల తల, తోక మీద రెండు నల్ల పట్టీలు, బెదిరితే తోక చుట్టి పైకెత్తి నీలంగా ఉన్న అడుగు చూపిస్తుంది, అది సన్నటి కోరల్ స్నేక్, విషం ఉంది. నల్లటి ఒంటి మీద తెల్ల చారలుంటే కట్లపాము పిల్ల కావచ్చు, దూరం జరగండి.

అభ్యాసం: వాన వెలిశాక తోటలో రాయి ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకునే కొక్కెం కర్రతో మీ వైపుకి ఎత్తండి, అప్పుడు మీకూ పాముకీ మధ్య రాయి అడ్డుంటుంది. తల, నడుం, తోక మూడు ఫోటోలు తీసి, రాయి ఎలా ఉందో అలాగే మెల్లిగా పెట్టేయండి. వచ్చే పాఠంలో ఆ నడుం ఫోటోలోంచి పొలుసుల వరసలు లెక్కపెడదాం, గుడ్డిపాముకి చుట్టూ 20 ఉంటాయి.