స్కీయింగ్‌కి వెళ్తున్నారా? ముందు ఆగడం నేర్చుకోండి

డెన్వర్‌లో ఉంటాను కాబట్టి చలికాలం వస్తే చాలు, డల్లాస్ నుంచో హ్యూస్టన్ నుంచో ఎవరో ఒకరు దిగుతారు. జీన్స్ ప్యాంటుతో కారెక్కి, "మధ్యాహ్నానికి బ్లాక్ డైమండ్ కొట్టేద్దాం అన్నా" అంటారు. బ్లాక్ డైమండ్ అంటే బాగా వచ్చినవాళ్ళు దిగే కష్టమైన దారి. సాయంత్రానికి మోకాలికి ఐస్ పెట్టుకుని మా సోఫాలో ఉంటారు.

హెల్మెట్, గాగుల్స్, తడవని ప్యాంటు, గ్లోవ్స్, సన్‌స్క్రీన్. సాక్సు ఒక్కటే జత, ఉన్నిది. పోల్స్ (చేతికర్రలు) మొదటిరోజు కారులోనే వదిలేయండి, చేతిలో ఉంటే పడేటప్పుడు బొటనవేలు మెలిపడుతుంది. ఇందులో చర్చ లేదు. మా దగ్గరి స్కీ ఊరు బ్రెక్కెన్‌రిడ్జ్‌లో కొండ కిందే 9,600 అడుగుల ఎత్తు, కాబట్టి ముందురోజు రాత్రి మందు వద్దు.

అద్దె కౌంటర్లో బరువు, వయసు, అనుభవం అడిగితే నిజం చెప్పండి. పడ్డప్పుడు స్కీ ఎంత బలానికి బూటు నుంచి ఊడాలో ఆ లెక్కతోనే బిగిస్తారు. గొప్పకి 'బాగా వచ్చు' అని రాస్తే స్కీ ఊడదు, మోకాలు ఊడుతుంది.

ఇక అసలు సంగతి. కొండ మీదికి తీసుకెళ్ళే కుర్చీల లిఫ్ట్ ఎక్కే ముందు చిన్న వాలు మీద, అనుకున్న చోట పదిసార్లు ఆగి చూపించాలి. తొమ్మిది కాదు. స్కీల ముక్కులు దగ్గరగా, తోకలు దూరంగా, పిజ్జా ముక్క ఆకారంలో. లోపలి అంచులు మంచును గీకాలి. పెనం మీద అట్లకాడ గీకిన చప్పుడు వస్తే సరిగ్గా చేస్తున్నట్టే.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. వేగం పెరగ్గానే భయంతో వెనక్కి వాలతారు. బరువు మడమల మీదికి పోయిందంటే ముక్కులు తేలిపోతాయి, స్కీ తిరగదు, ఆగదు, ఇంకా జోరందుకుంటుంది. పిరుదులు మోకాళ్ళ కంటే కిందికి దిగాక లేవబోయారో, స్కీ తోక మోకాలిని మెలిపెట్టేస్తుంది. ఏసీఎల్, అంటే మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు, తెగే దారుల్లో ఇదొకటి.

అందుకే కాలి ముందు ఎముక ఎప్పుడూ బూటు నాలుకకు ఆనుకునే ఉండాలి. ఆ సందులో కాగితం పెడితే జారిపోకూడదు. చేతులు ముందుకు, వడ్డనకు పళ్ళెం పట్టుకున్నట్టు. చూపు స్కీల మీద కాదు, వెళ్ళే వైపు. వాలు ఎక్కువైతే పిజ్జా చాలదు. పక్కకు తిరిగి, వాలుకు అడ్డంగా వచ్చి, ఇంకాస్త పైకి తిరగండి. కొండే ఆపేస్తుంది.

అప్పటికీ ఆగకపోతే కొండవైపు తుంటి మీద పడండి. చెయ్యి ఆన్చొద్దు, జారుతూ లేవొద్దు. స్నోబోర్డ్ వాళ్ళు పిడికిలి బిగించి ముంజేతుల మీద పడాలి, లేదంటే మణికట్టు పోతుంది. అసలు రెండు కాళ్ళూ ఒకే చెక్కకు కట్టేసుకుని నేర్చుకోవడమేంటో నాకైతే అర్థం కాదు.

బావగారు నేర్పిస్తారు అనుకోకండి. బావగారికి స్కీయింగ్ వచ్చు, నేర్పడం రాదు. పూటకి క్లాసు తీసుకోండి.

చెయిర్‌లిఫ్ట్ దిగేటప్పుడు ముక్కులు పైకెత్తి, లేచి నిలబడి, నేరుగా జారి పక్కకు తప్పుకోండి. సెల్ఫీ అక్కడ కాదు. ఆకుపచ్చ గుండ్రం గుర్తున్న దారిలోనే దిగండి, అన్నిటికంటే తేలికది అదే. మీకంటే కింద ఉన్నవాళ్ళదే దారి, తప్పుకోవాల్సింది మీరు. ఆగితే ఓ అంచున, పైవాళ్ళకు కనబడేలా ఆగండి.

మూడున్నర దాటాక, కాళ్ళు వణుకుతుంటే, ఎవరో ఒకరు "ఒక్క ఆఖరి రౌండ్" అంటారు. ఆ మాట వినబడగానే నేను కారు తాళాలు తీస్తాను.